కోడ్ ఎడిటర్‌లో సాంకేతిక పత్రాల రచన

కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాయడానికి ఉపయోగించే సాధనాన్ని కోడ్ ఎడిటర్ అంటారు. దానికి అదనపు సామర్థ్యాన్ని చేకూర్చే చిన్న ప్రోగ్రామును పొడిగింత లేదా ఎక్స్‌టెన్షన్ అంటారు. ఇట్టి పొడిగింతల సహాయంతో సాఫ్ట్‌వేర్ కరదీపికలు, ప్రయోగ నివేదికలు, పరిశోధనా వ్యాసాలు మొదలైన సాంకేతిక పత్రాలను ఒకవైపు వ్రాస్తూ, అవి పాఠకునికి ఎలా కనిపిస్తాయో మరొకవైపు చూసుకోవచ్చును. ఈ సౌకర్యాన్ని మునుజూపు లేదా ప్రివ్యూ అంటారు.

పనిచేసే విధానం

వర్డ్ ప్రాసెసర్‌లో అక్షరాల రూపాన్ని నేరుగా మారుస్తారు. కోడ్ ఎడిటర్‌లో అలా కాక, సాదా పాఠ్యంలోనే కొన్ని గుర్తులు చేరుస్తారు. ఉదాహరణకు మార్క్‌డౌన్ పద్ధతిలో పంక్తి మొదట # గుర్తు పెట్టి, కొంత ఖాళీ వదిలి వ్రాసినది శీర్షిక అవుతుంది. పదానికి ఇరువైపులా రెండేసి నక్షత్ర గుర్తులు ఉంచితే అది బొద్దుగా కనిపిస్తుంది. ఎడిటర్ ఈ గుర్తులను చదివి, పాఠ్యాన్ని హెచ్‌టీఎంఎల్‌గా మార్చి చూపుతుంది.

ముఖ్యమైన పద్ధతులు

* మార్క్‌డౌన్: దీనిని 2004లో జాన్ గ్రూబర్ ప్రవేశపెట్టాడు. విజువల్ స్టూడియో కోడ్ ఎడిటర్‌లో దీని మునుజూపు ముందుగానే అమర్చబడి ఉంటుంది. విండోస్, లినక్స్‌లలో కంట్రోల్, షిఫ్ట్, వి మీటలను కలిపి నొక్కితే తెరుచుకుంటుంది.
* ఆస్కీడాక్: దీనిని 2002లో స్టువర్ట్ రాక్‌హామ్ రూపొందించాడు. అధ్యాయాలు, పట్టికలు, అడ్డుసూచికలు గల పెద్ద గ్రంథాలకు అనుకూలం. పై ఎడిటర్‌లో దీని మునుజూపునకు వేరే పొడిగింతను స్థాపించుకోవాలి.
* లేటెక్: 1980లలో లెస్లీ లాంపోర్ట్ రూపొందించాడు. గణిత సూత్రాలకు ప్రసిద్ధి. లేటెక్ వర్క్‌షాప్ అనే పొడిగింత పీడీఎఫ్‌ను తయారుచేయించి పక్కనే చూపుతుంది. పీడీఎఫ్‌లోని ఒక చోటు నుండి మూలపాఠ్యంలోని సంబంధిత పంక్తికి కూడా వెళ్ళవచ్చును.

పరిమితులు

హెచ్‌టీఎంఎల్ మునుజూపు అన్నివేళలా తుదిరూపం కాదు. గ్రూబర్ నిర్వచించిన మూల మార్క్‌డౌన్‌లో పట్టికలకు ప్రత్యేక గుర్తులు లేవు. అవి తరువాతి రూపాంతరాలలో చేరాయి. అందువలన ఒక సాధనంలో చక్కగా కనిపించిన పట్టిక మరొకదానిలో నిలువు గీతల వరుసగా మిగిలిపోవచ్చును. తెలుగు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హెచ్‌టీఎంఎల్ మునుజూపులో ఒత్తులు, గుణింతాలు సరిగానే కనిపిస్తాయి. కానీ పీడీఎఫ్‌లేటెక్ యూనికోడ్ తెలుగును నేరుగా కూర్చలేదు. దానికి తెలుగు ఫాంటుతో పాటు జీలేటెక్ లేదా లువాలేటెక్ వాడాలి. కనుక పత్రాన్ని అందజేసే ముందు తుది పీడీఎఫ్‌ను పుటపుటా పరిశీలించడం తప్పనిసరి.

మూలపాఠ్యం ప్రాధాన్యత

గిట్‌హబ్ సంస్థకు చెందిన ఆటమ్ అనే ఎడిటర్‌లోనూ మార్క్‌డౌన్ మునుజూపు ఉండేది. ఆ ఎడిటర్ అభివృద్ధిని 2022 డిసెంబరు 15న నిలిపివేశారు. అయినను దానిలో వ్రాసిన పత్రాలకు హాని కలుగలేదు. అవి సాదా పాఠ్యం కావడంతో ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటాయి. ఒక పొడిగింతకు మాత్రమే తెలిసిన గుర్తులతో వ్రాసిన భాగాలకు ఈ రక్షణ ఉండదు. దీర్ఘకాలం నిలువవలసిన పత్రాలలో సర్వసాధారణమైన గుర్తులనే వాడటం మేలు.