మీకు తెలుసా? అమెజాన్ అడవిలో ఒక బాలే ప్రేమకథ

బాలే నృత్యం నేర్చుకునే అమ్మాయి, పరాయి దేశం, ప్రేమ అనగానే పారిస్ గుర్తొస్తుంది. ఈవా ఇబ్బట్సన్ 1985లో రాసిన ‘ఎ కంపెనీ ఆఫ్ స్వాన్స్’ నవల మాత్రం మనల్ని అమెజాన్ నడిబొడ్డుకు తీసుకెళ్తుంది. కథ ఎంత బాగుంటుందో, దాని వెనకున్న చరిత్ర అంతకు మించి కదిలిస్తుంది.

• కథానాయిక హారియెట్ కేంబ్రిడ్జి ప్రొఫెసర్ కూతురు. ఆంక్షల కొంపలో ఆమెకు ఊపిరాడే చోటు బాలే క్లాసు ఒక్కటే. 1912లో ఇంట్లోంచి పారిపోయి, ఒక బాలే బృందంతో కలిసి బ్రెజిల్‌లోని మనౌస్ చేరుతుంది. ప్రేమ ఎదురయ్యేది అక్కడే.

• మనౌస్‌లో ఆ బృందం ప్రదర్శనలిచ్చే ఒపేరా భవనం కల్పన కాదు. టియాట్రో అమెజోనాస్ 1896 డిసెంబరు 31న ప్రారంభమైంది. సముద్రం నుంచి నది వెంట దాదాపు 1,500 కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఈ ఊరు వస్తుంది. స్కాట్లండ్ ఉక్కు, ఇటలీ పాలరాయి ఓడల మీద అంత దూరమూ వచ్చాయి. గుమ్మటం మీద 36,000 పింగాణీ పలకలు బ్రెజిల్ జెండా రంగుల్లో మెరుస్తుంటాయి.

• ఇంత డబ్బు ఎక్కడిది? రబ్బరుది. సైకిళ్లు, కార్లు పెరిగేకొద్దీ టైర్లకు గిరాకీ పెరిగింది. రబ్బరు చెట్లేమో అమెజాన్ అడవిలోనే ఉండేవి. అయితే 1876లోనే హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు దాదాపు 70,000 విత్తనాలను లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కు చేర్చాడు. మొలకెత్తినవి మూడు వేల లోపే! ఆ మొక్కలు సిలోన్, మలయా తోటలయ్యాయి. 1913 నాటికి ఆసియా రబ్బరు అమెజాన్ రబ్బరును దాటేసింది. మనౌస్ వైభవం కూలింది. అంటే హారియెట్ ఆ రంగస్థలం మీద అడుగుపెట్టింది దీపాలు ఆరిపోవడానికి సరిగ్గా ముందు. 1912ను ఎంచుకోవడంలోనే రచయిత్రి ప్రతిభంతా నాకు కనిపిస్తుంది.

• ఆ 1912లోనే బ్రిటిష్ దౌత్యాధికారి రోజర్ కేస్‌మెంట్ నివేదికను బ్రిటిష్ ప్రభుత్వం ప్రచురించింది. అమెజాన్‌లో కలిసే పుటుమాయో నదీ తీరంలో రబ్బరు పాల కోసం ఆదివాసులను కొరడాలతో కొట్టి, ఆకలితో మాడ్చి, చంపిన తీరు అందులో ఉంది. ఈ దారుణాలు చేయించిన రబ్బరు కంపెనీ లండన్‌లో నమోదైనదే. నవల చదివిన యువతీయువకులకు ఈ సంగతీ చెప్పి తీరాలి.

• రచయిత్రి కూడా సొంతగడ్డను వదిలి వచ్చినామే. 1925లో వియన్నాలో పుట్టి, చిన్నతనంలోనే ఇంగ్లండ్ చేరింది. శరీరధర్మశాస్త్రం చదివినా, జంతువుల మీద ప్రయోగాలు చేయడం ఇష్టంలేక పరిశోధన మానేసింది.

• పెద్దల కోసం వచ్చిన ఈ నవలను తర్వాత యువ పాఠకుల కోసం మళ్లీ అచ్చువేశారు. మనౌస్ మాత్రం ఆమెను వదల్లేదు. 2001లో వచ్చిన ఆమె పిల్లల నవల ‘జర్నీ టు ద రివర్ సీ’ కూడా ఆ ఊరి కథే.