ఘాటుదారిలో జీపు వేగ మందుకొననప్పుడు



కాడికి కట్టిన ఎద్దు బండిని లాగక మొరాయించినచో, దానిని మరునాడే సంతకు తోలు రైతు లేడు. గిట్టలో ముల్లు గ్రుచ్చుకొన్నదేమో, మెడ కమిలినదేమో, మేత చాలలేదేమో అని ముందుగా చూచును. జీపు విషయమున మాత్రము మనము ఈ ఓపిక చూపుట లేదు. యాక్సిలరేటరు తొక్కినను బండి వేగ మందుకొననిచో, పంపు చెడినదని నిశ్చయించి అప్పునకు పోవుచున్నాము. ఆ అప్పును తప్పించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. కాఫీ, మిరియము, అల్లము బస్తాలును, సంతకు పోవు జనమును, ఆసుపత్రికి చేర్పవలసిన రోగియు పెక్కు గ్రామములందు ఒక్క జీపుమీదనే ఆధారపడవలసియున్నది. ఎగువ మలుపులో ఇంజను బలము తగ్గి బండి నిలిచిపోయినచో, నిండు బరువుతో వెనుకకు జారు అపాయము కలదు. కావున దీనిని స్వల్ప విషయముగా నెంచరాదు.

ఒక కాఫీ కోతల కాలమున, కొందరు సాగుదార్లు కలసి కొనిన పాత డీజిలు జీపును మేము చూడ తటస్థించెను. అరకునుండి మైదానమునకు దిగుటకు ముందు గాలికొండ ఎగువ నెక్కవలెను గదా! ఆ జీపు బయలుదేరినప్పుడు చక్కగా నడచి, ఎగువ వచ్చుసరికి నీరసించెడిది. పావుగంట నిలిపినచో మరల కొంతదూరము పరుగెత్తెడిది. మైదానములోని ఒక మెకానిక్కు పంపు మార్చవలెనని చెప్పెను. ఆ సొమ్మునకై వారు, కాయ చెట్టుమీద నుండగనే, షావుకారివద్ద బయానా పుచ్చుకొన సిద్ధపడియుండిరి.

మేము వారితో కూడ ఎక్కి, బండి నీరసించినచోటనే నిలిపించి, డీజిలు ట్యాంకు మూత విప్పించితిమి. బుస్సుమని గాలి లోనికి పోయెను. వానకాలమున నీరు చొరకుండుటకై మూతక్రింద పాలిథీను కాగితము చుట్టి బిగించియుండిరి. డీజిలు వెలుపలికి పోయినకొలది ట్యాంకులోనికి గాలి రావలెను. ఆ దారి మూసికొన్నచో పంపు డీజిలును లాగజాలదు. బండిని నిలిపినప్పుడు సందులగుండ కొంచెము గాలి చేరుటచే మరల నడచుచుండెను. కాగితము తీసివేసినంతనే జబ్బు తీరినది. వారిలో ఒక పెద్ద తలవంచుకొని, “అది కట్టింది నేనే బాబూ, బండికి మేలని కట్టాను” అనెను. ఆయన తప్పేమియు లేదు. ట్యాంకు ఊపిరి పీల్చునని ఆయనకు ఎవరును చెప్పలేదు.

డీజిలు ఇంజనులో పెట్రోలు ఇంజనులో వలె నిప్పురవ్వ పుట్టదు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో నడిపి చూపిన పద్ధతి ప్రకారము, గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టు వేడికే డీజిలు మండును. పాత జీపులలో పాదము తొక్కినప్పుడు ఒక తీగ పంపు మీటను లాగును. డీజిలు అధికముగా పోవును. కాబట్టి విచారింపవలసినవి నాలుగు: పాదపు ఆజ్ఞ పంపునకు చేరుచున్నదా? డీజిలు వచ్చుచున్నదా? గాలి వచ్చుచున్నదా? పుట్టిన బలము చక్రములకు పోవుచున్నదా?

మొదటిది: ఇంజను ఆపి, ఒకరు పాదమును పూర్తిగా తొక్కుచుండగా, వేరొకరు పంపు మీట చివరివరకు కదలుచున్నదేమో చూడవలెను. తీగ సాగుట, త్రుప్పుపట్టుట, పాదముక్రింద చాప మడతపడుట తరచుగా కనబడును.

రెండవది: ట్యాంకు మూతను చూచి, డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలి, గడువు మీరిన ఫిల్టరును మార్చవలెను. గొట్టముల అతుకులయొద్ద తడి యున్నచో గాలికూడ అచ్చట చొరవచ్చును.

మూడవది: నల్లని పొగ దట్టముగా వచ్చినచో గాలి చాలుట లేదని సామాన్యముగా గ్రహింపవచ్చును. ఎర్రమట్టి దారులలో గాలి ఫిల్టరు త్వరగా పూడుకొనును. టర్బో గల బండిలో గాలిగొట్టము చీలినను ఇట్లే యగును. ఫిల్టరు తీసివేసి మాత్రము నడపరాదు. దుమ్ము ఇంజనును అరగదీయును. ఈ ఎత్తున గాలి సముద్రతీరమునందుకంటె సుమారు పదవవంతు పలుచన. టర్బో లేని ఇంజనునకు కొంత నీరసము సహజమే. నీలపు పొగ వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నది. వేడెక్కిన పిదపను తెల్లని పొగ పోనిచో నాజిళ్లను చూపింపవలెను.

నాల్గవది: ఇంజను మ్రోత పెరిగి బండి వేగము పెరగనిచో క్లచ్చి జారుచున్నది. ఒక చక్రమే మిక్కిలి వేడెక్కినచో అచ్చట బ్రేకు పట్టియున్నది. అరచేయి ఆన్చక, దాపున నుంచి వేడి గ్రహింపుడు. పాత జీపును తారురోడ్డుమీద నాలుగు చక్రముల గేరులోనే ఉంచి నడుపుటయు బండిని బిగబట్టును.

క్రొత్త బండ్లలో తీగకు బదులు విద్యుత్సంకేతము పోవును. ఇంజను దీపము వెలిగి బలము తగ్గినచో, ఇంజను తన్ను తాను కాపాడుకొనుచున్నదని తెలిసికొని, యంత్రముతో దోషసంకేతమును చదివింపవలెను. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 నిబంధనల ననుసరించిన డీజిలు బండ్లలో మసిని పట్టు ఫిల్టరు కలదు. ఎల్లప్పుడు కొద్దిదూరమే నడపినచో అది పూడుకొనవచ్చును.

ఈ పరీక్షలన్నియు సమతలమున, చక్రములకు రాళ్లు అడ్డమిడి చేయవలెను. దోషము తీరువరకు జనము నెక్కింపరాదు. నీరసము చల్లగా నున్నప్పుడా, వేడెక్కిన పిదపనా, ఎగువలోనా, పొగ యే రంగు అని ఒక పుస్తకమున వ్రాసి మెకానిక్కునకు చూపుడు. ఇన్నియు చూచిన పిదపను గుణము కనబడనిచో, అప్పుడు పంపు విప్పింపుడు. అంతవరకు చెట్టుమీది కాయను చెట్టుమీదనే పండనిండు.