చికిత్స ముగిసిన పిదప వచ్చు కీళ్లనొప్పులు

రెండేండ్ల క్రిందట మా యత్తగారు తెల్లవారుజామున లేచినతోడనే వేడినీళ్ల చెంబును రెండు చేతులతో పట్టుకొని వంటింటి గడపవద్ద కూర్చుండెడివారు. అరగంటకు గాని పిడికిలి విడివడెడిది కాదు. కుంకుమబరిణ మూత తీయుట, తడిబట్ట పిండుట, సహస్రనామ పారాయణమునకు నేలపై కూర్చుండి మరల లేచుట, ఇవియన్నియు ఆమెకు కష్టసాధ్యములైనవి. గాజులు తీయబోయినచో కణుపులవద్ద చేయి అడ్డుపడెడిది.

అంతకు పూర్వము ఒక సంవత్సరమునకు ఆమెకు రొమ్మున కేన్సరు, మన పెద్దలు రాచపుండనుచుండిన వ్యాధి, కనబడెను. ఆపరేషను జరిగినది. కీమోథెరపీయు, రేడియేషనును అయినవి. రాలిన వెండ్రుకలు మరల మొలిచినవి. చుట్టములందఱు గండము గడచినదని సంతోషించిరి. మేమును అట్లే తలంచితిమి. పిదప దినమున కొక్కటి చొప్పున ఐదేండ్లు వేసికొనవలసినదని ఒక చిన్నమాత్రను వ్రాసియిచ్చిరి. ఆ మాత్రవలన కీళ్లు పట్టుకొనవచ్చునని మాత్ర మెవరును మాకు చెప్పియుండలేదు. రెండవనెలలో నొప్పులు మొదలైనప్పుడు వాతమనుకొంటిమి. వయసనుకొంటిమి. నువ్వులనూనె కాచి మర్దనము చేసితిమి. నూనె రాచినంతసేపు హాయి. తెల్లవారుసరికి మరల యథాప్రకారము.

ఒకనాడు పోపులపెట్టె తోముటకు తీయగా మెంతులగిన్నె అడుగున మాత్రలు కనబడినవి. లెక్కించితిమి. ఇరువదిమూడు! ప్రతిరాత్రియు మా యెదుటనే మంచినీళ్లు త్రాగిన మనిషి, మాత్రను చేతిలోనే దాచుకొనుచుండిరన్నమాట. అడుగగా ఆమె కోపింపలేదు. "అమ్మాయీ, మూడు వారాలనుంచి వేళ్లు కొంచెం వంగుతున్నవి. గడ్డ తీసివేశారు గదా, ఇంకా ఎందుకూ ఇది?" అనిరి.

దానికి మాయొద్ద సమాధానము లేకపోయెను. బాల్యమున తండ్రిగారు మాకు అమరము చెప్పిరి, రఘువంశము చెప్పిరి. శరీరమున జరుగు వ్యాపారమును గూర్చి ఒక్కమాట చెప్పినవారు లేరు. ఆ వారమే అత్తగారిని వెంటబెట్టుకొని డాక్టరుగారియొద్దకు పోయి, మెంతులగిన్నె సంగతి దాపరికము లేకుండ చెప్పి, అడుగవలసినవన్నియు అడిగితిమి.

రొమ్ము కేన్సరులలో చాలవాటికి ఈస్ట్రోజనను స్త్రీ హార్మోనే ఆహారము. 1896 లోనే స్కాట్లండు వైద్యుడు జార్జి బీట్సన్, అండాశయములను తొలగించినప్పుడు కొందఱికి ఈ వ్యాధి వెనుకకు తగ్గుటను ప్రకటించెను. ముట్లుడిగిన తరువాత అండాశయములు ఆ పని మానివేసినను, శరీరమందలి క్రొవ్వు మొదలగు చోట్ల అరొమటేజ్ అను ఎంజైము ఇతర హార్మోనులనుండి ఈస్ట్రోజనును కొంచెము కొంచెముగా తయారు చేయుచునే యుండును. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ అను మాత్రలు ఆ ఎంజైమును అడ్డగించును. గడ్డను తీసివేసినను కంటికి కనబడని కణములు ఎచ్చటనైన దాగియుండవచ్చును గనుక, వాటికి ఆహారము దొరకనీయకుండుటకే ఈ మాత్ర. అయితే ఆ ఈస్ట్రోజనే కీళ్లకును ఎముకలకును ఆదరువు. అది ఒక్కసారిగా అడుగంటగా కీళ్లు బిగిసికొనును, ఎముకలును పలుచబడును. అనస్ట్రోజోలును పరీక్షించిన యొక పెద్ద పరిశోధనలో నూటికి ముప్పదియైదుగురు కీళ్లనొప్పి చెప్పిరి. మా యత్తగారు తాను ఓర్వలేనిదాన ననుకొని లోలోన సిగ్గుపడుచుండిరట. ఈ లెక్క వినినతోడనే ఆమె ముఖము తేటపడినది.

డాక్టరుగారు ఆ మాత్రను కొన్ని వారములు ఆపించి, దానికి బదులు అదే జాతిలోని మఱియొక మాత్రను వ్రాసిరి. ఈ మార్పు కొందఱికి సరిపడును, కొందఱికి సరిపడదు. సరిపడనివారికి వేఱు జాతి మందులును కలవు. ఎట్లు చేసినను డాక్టరుతో చెప్పి చేయవలెను గాని మెంతులగిన్నెతో చెప్పరాదు. విటమిను డి కి రక్తపరీక్షయు, ఎముకల గట్టితనమునకు పరీక్షయు చేయించిరి. మనుమనిచేత అంగడినుండి తెప్పించుకొని దినదినము మ్రింగుచుండిన నొప్పిబిళ్లలను మాత్రము గట్టిగా మాన్పించిరి. అవి కడుపునకును మూత్రపిండములకును చేటు.

తరువాత వారు చెప్పిన మాట మాకు నమ్మబుద్ధి కాలేదు. నడువుమనిరి! కీళ్లు నొచ్చువారు విశ్రమింపవలె నని గదా మన మెఱిగినది. కాని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు 2015 లో ప్రకటించిన పరిశోధనలో ఇట్టి నొప్పులుగల 121 మంది స్త్రీలు పాల్గొనిరి. వారిలో సగము మంది ఒక సంవత్సరము పాటు వారమునకు 150 నిమిషములు చుఱుకుగా నడచుచు, వారమునకు రెండుమార్లు బరువులెత్తుచు వచ్చిరి. వారి తీవ్రమైన నొప్పి నూటికి 29 వంతులు తగ్గినది. తక్కినవారికి తగ్గలేదు.

మా యత్తగారికి చీరకట్టుతో బూట్లు తొడుగుకొనుట నగుబాటుగా తోచినది. అందుచేత సందెచీకటి పడిన పిదప, పిల్లలు వెడలిపోయిన బడిమైదానమున నడక. మొదటిదినము పదినిమిషములు. మొదటి పక్షము నొప్పి హెచ్చినట్లే తోచి, మమ్మును డాక్టరుగారిని కలిపి తిట్టిరి. పదియైదవనాటినుండి రెండేసి నిమిషములు పెంచితిమి. బరువులకు అరలీటరు నీళ్లసీసాలు. ఆపరేషనైన వైపు చేయి వాచునేమోయని భయపడితిమి గాని, మొదట ఫిజియోథెరపిస్టు దగ్గఱనుండి నేర్పగా, కొంచెము కొంచెముగా పెంచిన బరువువలన హాని కలుగలేదు. నెలన్నర గడచుసరికి చెంబుతో కూర్చుండుట పావుగంటకు దిగినది.

ఇంటిలోను కొన్ని మార్పులు చేసికొంటిమి. పూజకు ఎత్తుపీట వచ్చినది. మరమూతల డబ్బాలకు బదులు తేలికగా తెఱచుకొను డబ్బాలు వచ్చినవి. చపాతీపిండి కలుపుట మా వారి వంతైనది. ఈ సంగతి బడిపిల్లలకు తెలియరాదని వారి కోరిక, కనుక ఇంతకంటె వ్రాయము. ఆక్యుపంక్చరను సూదులచికిత్సవలన కూడ మేలు కలదని 2018 నాటి యొక పరిశోధన తేల్చినది గాని, మా ఊర నట్టివారు లేరు.

ఒక్క హెచ్చరిక. ఈ నొప్పి సాధారణముగా రెండువైపుల కీళ్లను పట్టును, ప్రొద్దుట హెచ్చుగా నుండి కదలినకొలది సడలును. అట్లుగాక ఎముకలో ఒక్కచోటనే పట్టుకొని దినదినము పెరుగుచున్నను, రాత్రులు నిద్రపోనీయకున్నను, నడుమునొప్పితో కాళ్లు పట్టుదప్పినను, మాత్రపై నెపము వేసి ఊరకుండక వెంటనే డాక్టరునకు చూపవలెను.

ఇప్పటికిని కుడిచేతి ఉంగరపువ్రేలు ఒక్కొక్కప్పుడు వంగినచోటనే బిగిసిపోవును. రెండవచేతితో లాగి సరిచేసికొందురు. వానదినములలో మెట్లు ఎక్కరు. మాత్ర మాత్రము తప్పలేదు. మేము అప్పుడప్పుడు పోపులపెట్టెలో తొంగిచూచుట ఆమె కనిపెట్టినట్లున్నారు. నిన్న తామే ఆ గిన్నె తెచ్చి మా యెదుట పళ్లెములో బోర్లించి, "చూసుకో అమ్మాయీ, మెంతులే" అనిరి.