రెండు దూకులు నేర్చినవాడు

రెండు విద్యలు పట్టిన బిడ్డ రెంటికి చెడిన రేవడి యగునని కొందఱు తలిదండ్రులు మాతో ననుచుందురు. వారికి జపాను దేశీయుడగు చుహెయి నంబు చరిత్రము చెప్పదలచితిమి.

1904లో సప్పొరోలో పుట్టిన యీతడు లాంగ్ జంప్‌లో మేటి. ట్రిపుల్ జంప్ వేఱు విద్య. పరుగున వచ్చి లేచిన కాలిమీదనే మొదట వ్రాలవలెను, పిమ్మట రెండవ కాలిమీద, తుదకు ఇసుకలో. వేగ మొక్కటే చాలదు, మోకాళ్లు ఓర్వవలెను! 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్సున ఇందులో నాలుగవ స్థానమే దక్కినది.

1931లో లాంగ్ జంప్‌న 7.98 మీటర్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. మరుసటి యేట లాస్ ఏంజెలెస్‌లో దానియందు 7.45 మీటర్లతో కాంస్యమే వచ్చినది. ఆ ఒలింపిక్సుననే ట్రిపుల్ జంప్‌లో 15.72 మీటర్లు దూకి, ప్రపంచ రికార్డుతో స్వర్ణము గెలిచెను. అతని 7.98 మీటర్ల దూకు జపానులో 1970 వఱకు చెక్కుచెదరలేదు.