తుఫానుకు మేత, తుఫానుకు కళ్ళెం

జనగామ జిల్లాలోని దేవరుప్పులకు సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడ అలల చప్పుడు వినిపించదు. అయినా బంగాళాఖాతంలో తుఫాను లేస్తే ఆ ప్రాంతపు చెరువుకట్టలకూ, కల్లాల్లో ఆరబోసిన వడ్లకూ గండమే. 2025 అక్టోబరు 28 రాత్రి ‘మొంథా’ తుఫాను ఆంధ్ర తీరం దాటింది. మర్నాడు వరంగల్, హనుమకొండ ప్రాంతాలు కుండపోత వానలతో జలమయమయ్యాయి.

తుఫాను సముద్రాన్ని అల్లకల్లోలం చేస్తుందని అందరికీ తెలుసు. మరి సముద్రం తుఫానును ఏమీ చేయదా? చేస్తుంది! ఒక్కొక్కప్పుడు దానికి మేత వేస్తుంది. ఒక్కొక్కప్పుడు కళ్ళెం బిగిస్తుంది. ఎలాగో చూద్దాం.

వేడినీరే ఆహారం

సముద్రపు పైనీరు సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కి ఉంటేనే సాధారణంగా తుఫాను పుడుతుంది. ఆ నీరు ఆవిరై పైకి పోతుంది. పైన చల్లబడి మేఘంగా మారేటప్పుడు తనలో దాచుకున్న గుప్తోష్ణాన్ని వదులుతుంది. ఆ వేడికి గాలి మరింత పైకి లేస్తుంది. కింద పీడనం తగ్గుతుంది. చుట్టుపక్కల గాలి సుడి తిరుగుతూ ఆ చోటికి దూసుకువస్తుంది.

అయితే ఆ గాలే సముద్రాన్ని కవ్వంతో చిలికినట్లు చిలుకుతుంది. అడుగునున్న చల్లని నీరు పైనీటితో కలుస్తుంది. అంతేకాదు, మన ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు అపసవ్య దిశలో తిరుగుతూ పైనీటిని కేంద్రం నుంచి బయటికి నెడతాయి. ఆ లోటు తీర్చడానికి లోతునున్న నీరు పైకి ఉబుకుతుంది. అందుకే తుఫాను పోయిన దారి వెంట సముద్రం మీద చల్లని చార ఒకటి మిగులుతుంది. కొన్ని సముద్రాలలో అక్కడి ఉష్ణోగ్రత 4 నుంచి 6 డిగ్రీల దాకా పడిపోతుంది. నత్తనడక నడిచే తుఫాను తాను చల్లార్చిన నీటి మీదే నిలిచి, తన ఆహారాన్ని తానే పోగొట్టుకుంటుంది!

తీరం దగ్గర వింత

2011 ఆగస్టులో ‘ఐరీన్’ అనే తుఫాను అమెరికా తూర్పు తీరం వెంట సాగింది. అక్కడ వేసవిలో పైన వెచ్చని నీరు, అడుగున బాగా చల్లని నీరు రెండు పొరలుగా ఉంటాయి. తుఫాను ముందుభాగపు గాలులు పైపొరను తీరంవైపు నెట్టాయి. తీరాన పేరుకున్న నీటి బరువుకు అడుగు పొర వెనక్కు, లోతు సముద్రం వైపు కదిలింది. రెండు పొరలు ఎదురెదురుగా రాసుకుపోవడంతో చల్లని నీరు పైకి కలిసింది. నీటిలో తిరిగే మరమనిషి వంటి పరికరం, ‘గ్లైడర్’, దీనిని కొలిచింది. పైనీరు కొన్నిచోట్ల 11 డిగ్రీల వరకు చల్లబడింది. అందులో ఎక్కువ భాగం తుఫాను కన్ను రాకముందే జరిగింది! తీరం చేరకముందే ఐరీన్ బలహీనపడడానికి ఇది ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు.

మన బంగాళాఖాతం సంగతి

మనకు అంత అదృష్టం లేదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వర్షాకాలంలో అపారమైన మంచినీటిని బంగాళాఖాతంలో పోస్తాయి. ఉప్పునీటికన్నా మంచినీటి సాంద్రత తక్కువ కాబట్టి అది మూతలా పైన తేలుతుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఒక గాజుగ్లాసులో సగం వరకు బాగా ఉప్పు కలిపిన రంగునీరు పోయండి. దానిపై చిన్న కాగితం ముక్క వేసి, దానిమీదుగా మంచినీరు మెల్లగా వంచండి. రెండు పొరలు ఏర్పడతాయి. పైనుంచి ఊదండి. రంగు అంత తేలికగా పైకి రాదు. ఉప్పు లేకుండా ఇదే ప్రయోగం చేస్తే రంగు ఇట్టే కలిసిపోతుంది.

బంగాళాఖాతంలో జరిగేదీ ఇదే. పైగా మంచినీటి మూత కింద ఉన్న ఉప్పునీరు కూడా కొంత లోతు వరకు వెచ్చనిదే. కాబట్టి గాలి ఎంత చిలికినా చల్లని నీరు అంత సులభంగా పైకి రాదు. తుఫానుకు మేత తరగదు.

వర్షాకాలం ముగిశాక ఈ మంచినీరు సుమారు 100 కిలోమీటర్ల వెడల్పుతో మన తూర్పు తీరం వెంట దక్షిణానికి ప్రవహిస్తుంది. సముద్రంలో నది అన్నమాట! దీని ఆనవాలు పట్టడానికి తోడ్పడినవారు మత్స్యకారులు. తీరంలో ఎంచుకున్న చోట్ల ఐదు రోజులకొకసారి వారు సేకరించిన నీటి నమూనాలను గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించారు.

ఉప్పెన ఎందుకు వస్తుంది?

వాతావరణ పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పీడనం 70 మిల్లీబార్లు పడిపోయినా నీరు లేచేది ముక్కాలు మీటరు లోపే. మరి 1977 నవంబరు 19న దివిసీమపై సుమారు 5 మీటర్ల ఉప్పెన ఎలా విరుచుకుపడింది? అది గాలి పని. లోతు సముద్రంలో గాలి నెట్టిన నీరు కిందుగా వెనక్కు పోగలదు. లోతు తక్కువైన తీరంలో దానికి దారి లేదు. అందుకే గోడలా పైకి లేస్తుంది. నాటి తుఫాను చీరాల ప్రాంతంలో తీరం దాటింది. దాని కుడివైపున, గాలి సముద్రం నుంచి నేలమీదికి వీచే వైపున ఉన్నది దివిసీమ. దాదాపు పదివేలమంది ప్రాణాలు పోయాయి.

2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన ‘హుద్‌హుద్’ గంటకు 180 కిలోమీటర్ల గాలులతో వచ్చింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వందలోపే. ముందస్తు హెచ్చరికలు, ప్రజల తరలింపు ఎన్నో ప్రాణాలను కాపాడాయి.

తుఫాను ఎటు పోతుందో ఈనాడు చాలావరకు ముందే చెప్పగలుగుతున్నారు. ఎంత బలపడుతుందో చెప్పడమే కష్టం. ఆ రహస్యం నీటి అడుగున ఉంది. అందుకే ‘ఆర్గో’ తేలు పరికరాలు 2000 మీటర్ల లోతుకు మునిగి, పదిరోజులకొకసారి పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహాలకు అందిస్తున్నాయి. ఈ సమాచారాన్ని సేకరించి, ఉప్పెన హెచ్చరికలు చేసే జాతీయ కేంద్రం ‘ఇన్‌కాయిస్’ ఎక్కడుందో తెలుసా? సముద్రమే లేని హైదరాబాదులో!

దేవరుప్పులకు కడలి దూరమే. కడలిని కనిపెట్టి చూసే కన్ను మాత్రం దగ్గరే ఉంది. రేపు ఆ కేంద్రంలో కూర్చుని దివిసీమకు ముందుగా కబురందించే శాస్త్రజ్ఞుడు ఆ ఊరి బడి నుంచి ఎందుకు రాకూడదు?