నది దారి మార్చింది - ఎప్పుడు?

మీ ఊళ్లో బావి తవ్వుతుంటే గట్టున నిలబడి చూశారా? పైన నల్లమట్టి వస్తుంది. ఇంకాస్త దిగితే పారకు అంటుకుపోయే బంకమట్టి. ఆ కింద ఒక్కోసారి ఉన్నట్టుండి శుభ్రమైన ఇసుక తగులుతుంది. ఏరు ఎక్కడో మైలు దూరంలో ఉంటే, ఈ పొలం అడుగుకి ఏటి ఇసుక ఎలా వచ్చింది? ఒకప్పుడు ఏరు అక్కడే పారింది కనుక!

నీటి వేగాన్ని బట్టి అది మోసే బరువు ఉంటుంది. నడి ఏట్లో జోరుగా పారే నీరు ఇసుకను దొర్లించుకుపోతుంది. అదే నీరు వరదలో గట్టు దాటి పొలాల్లో పరుచుకుంటే నెమ్మదిస్తుంది. అప్పుడు సన్నని ఒండ్రు, బంకమన్ను మాత్రమే మిగిలి, మెల్లగా అడుగుకు దిగుతాయి. కాబట్టి లోపల ఇసుక కనిపిస్తే నదీగర్భం. బంకమట్టి కనిపిస్తే వరద మైదానం. స్థూలంగా లెక్క ఇంతే.

ఈ లెక్కతో ఒక పెద్ద చిక్కును విప్పడానికి శాస్త్రజ్ఞులు పూనుకున్నారు. రాజస్థాన్ ఉత్తరాన కాళీబంగన్ అనే చోటుంది. అక్కడ 1960 నుంచి 1969 దాకా తవ్వకాలు జరిపితే సింధు నాగరికత నాటి పట్టణం, నాగటి చాళ్లున్న పొలం బయటపడ్డాయి. ఆ పట్టణం పక్కన ఉన్నది ఘగ్గర్. వానాకాలంలోనే పారే చిన్న ఏరది. కాని ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే దాని వెంట కొన్ని కిలోమీటర్ల వెడల్పున పాత నదీమార్గం చార కట్టినట్టు కనిపిస్తుంది. అంత వెడల్పు దారిని ఈ బక్క ఏరు చేసి ఉండదు. మరి ఏ మహానది చేసింది? పట్టణాలు కట్టిన నాటికి అది అక్కడే ఉందా? (ఇదే వేదాల్లోని సరస్వతి అనేవారు ఉన్నారు. ఆ వాదంలోకి మనం దిగవద్దు. మట్టి ఏం చెబుతుందో విందాం.)

వందల చదరపు కిలోమీటర్లు తవ్విచూడటం సాధ్యమా? అందుకని ముందు విద్యుత్తును పంపి చూస్తారు. మన పల్లెల్లో బోరు వేసే ముందు నేలలో ఇనుప కడ్డీలు పాతి, తీగలు లాగి, మీటరు చూసుకునేవారిని మీరూ చూసే ఉంటారు. అదే పద్ధతి. ఒకే వరుసలో నాలుగు కడ్డీలు పాతుతారు. చివరి రెండింటి ద్వారా విద్యుత్తు పంపి, మధ్య రెండింటి నడుమ వోల్టేజిని కొలుస్తారు. తర్వాత మీరు తరగతిలో చదివిన ఓమ్ నియమమే! కడ్డీల మధ్య దూరాలను కూడా లెక్కలోకి తీసుకుంటే నేల విశిష్ట నిరోధం తెలుస్తుంది. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ విద్యుత్తు ఇంకా లోతుకు దిగుతుంది. బంకమట్టిలో విద్యుత్తు సులువుగా పోతుంది. మంచినీరు నిండిన ఇసుకలో అంత సులువుగా పోదు.

ఈ విధంగా కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన రాజీవ్ సిన్హా, ఆయన సహచరులు చేసిన సర్వే ఫలితాలు 2013లో వెలువడ్డాయి. భూమి లోపల 12 కిలోమీటర్లకు మించిన వెడల్పు, సుమారు 30 మీటర్ల మందం ఉన్న ఇసుక మేట ఉందని తేలింది.

అయితే మీటరును గుడ్డిగా నమ్మకూడదు సుమా! ఇసుకలో ఉప్పునీరుంటే అది కూడా బంకమట్టిలాగే విద్యుత్తును పోనిస్తుంది. పైగా అది ఏ నది ఇసుకో, ఎన్నేళ్లదో మీటరు చెప్పదు. అందుకే గొట్టం దింపి మట్టిని పొరలు చెదరకుండా పైకి తీయాలి. ఆ మట్టి స్తంభాన్ని ‘కోర్’ అంటారు. కాళీబంగన్ దగ్గర తీసిన కోర్‌లలో పైన సన్నని మట్టి, దాని కింద హిమాలయ నదులు తెచ్చే అభ్రకం కలిసిన బూడిదరంగు ఇసుక కనిపించాయి.

ఇసుక వయసు కట్టే పద్ధతి మహా చిత్రంగా ఉంటుంది. ఇసుక రేణువు భూమిలో కప్పబడి ఉన్నంతకాలం చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియంల వికిరణం తగిలి దానిలో కొంత శక్తి పోగవుతుంది. ఎండ సోకిందా, పలక తుడిచినట్టు ఆ లెక్క చెరిగిపోతుంది. అందుకే నమూనాను వెలుగు తగలకుండా తెచ్చి, ఫొటోలు కడిగే గదిలాంటి మసక ఎర్రకాంతిలో విప్పుతారు. తర్వాత కాంతిని పంపితే రేణువు దాచుకున్న శక్తిని వెలుగుగా విడుస్తుంది. ఆ వెలుగు ఎంతో, అక్కడ ఏటా తగిలే వికిరణం ఎంతో కొలిస్తే, చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. ఇక జిర్కాన్, అభ్రకం రేణువుల వయసు కడితే అవి ఏ కొండల రాళ్లనుంచి వచ్చాయో పట్టుకోవచ్చు.

2017లో ఫలితం ప్రకటించారు. ఆ ఇసుక సట్లెజ్ నది తెచ్చింది! కాని సుమారు 8000 ఏళ్ల కిందటికే సట్లెజ్ ఆ దారి వదిలి, ఇప్పటి మార్గంలోకి వెళ్లిపోయిందట. సింధు నగరాలు వెలిగింది 4600 నుంచి 3900 ఏళ్ల కిందట. అంటే నది వెళ్లిపోయిన మూడు వేల ఏళ్లకు అక్కడ పట్టణాలు లేచాయి. మహానది ఒడ్డునే నాగరికత పుడుతుందని చదువుకున్న మనకు ఇది ఆశ్చర్యమే. కాని ఆలోచించండి: పక్కన సట్లెజ్ ఉంటే ఏటా వరద భయం. అది వదిలిపోయిన పల్లంలో వానాకాలపు ఏరు ఉంది, ఇసుకలో ఊటనీరు ఉంది. ఊరు కొట్టుకుపోతుందన్న బెంగ లేదు.

ఇంతటితో తగువు తెగిపోలేదు. 2019లో అహ్మదాబాదు, బొంబాయి శాస్త్రజ్ఞులు ఇంకొక పరిశోధన వెలువరించారు. 9000 నుంచి 4500 ఏళ్ల కిందటి వరకు అక్కడ ఏడాది పొడుగునా నీరు పారిందనీ, సట్లెజ్ పాయలు కొన్ని దానికి నీరిచ్చి ఉండవచ్చనీ వారి వాదన. వారు చూపినవీ ఇసుక రేణువులే! ఒకే మైదానంలో వేర్వేరు చోట్ల తీసిన మట్టి వేర్వేరు కథలు చెబుతోంది. పాయ పారిన చోట తీసిన కోర్‌లో ఇసుక వస్తుంది. నూరు గజాల అవతల తీస్తే బంకమట్టి రావచ్చు. అందుకే గొట్టం ఎక్కడ దింపాలన్నది అంత ముఖ్యం.