సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు

మొన్న బోరబండలో మా సీనియర్ వాళ్ల ఆఫీసులో కూర్చుని ప్లేస్‌మెంట్ టెస్ట్ రాస్తుంటే నెట్ రెండుసార్లు ఆగింది. సిగ్నల్ మాత్రం ఫుల్లు! ఆ బిల్డింగులో చిన్నచిన్న ఆఫీసులు నాలుగు, పైన హాస్టల్. అందరిదీ వైఫైయే.

ముందు లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి చూశాం. నెట్ బాగానే వస్తోంది. అంటే లైను మంచిదే, లోపం గాలిలో ఉంది.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఛానెళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్. ఒక్కో వైఫైకి కావాల్సింది దాదాపు 20. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి 1, 6, 11. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని, వంతులవారీగా పంపుకుంటాయి. స్లో అయినా పని నడుస్తుంది. మా సీనియరేమో ఖాళీగా ఉంది కదా అని 3 పెట్టాడు. దాంతో 1 వాళ్ల గోలా, 6 వాళ్ల గోలా రెండూ మనకే!

యాప్‌లో చూసి రద్దీ తక్కువున్న 11కి మార్చాం. లాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి కలిపాం. అది గోడలు సరిగ్గా దాటలేదు, కాబట్టి పక్కవాళ్ల గోల కూడా మనదాకా తక్కువే వస్తుంది.

తర్వాత పక్క ఆఫీసులకీ వెళ్లి ఎవరికే ఛానెలో మాట్లాడుకున్నాం. మీ హాస్టల్లో కూడా టెస్టుకి ముందురోజే ఈ పని చేసేయండి.